సూదికి ముందా, తర్వాతా?

వెంకటవ్వ ఒంటి మీద బొబ్బలు ఎందుకు లేచాయో కోరుట్లలోని ఆ గల్లీలో తెలియనిది ఒక్క ఊర్మిలకే. మిగతా అందరికీ తెలుసు.

ఎదురింటి వాళ్ళకు అది ఒంట్లో వేడి. మూల మీది కిరాణం మల్లన్నకు అది కరోనా సూది. నల్లా దగ్గర బిందె పెట్టిన ప్రతి ఆడమనిషికీ ఒక కారణం తెలుసు, ఆ కారణానికి సరిపడే ఆకు పసరు కూడా తెలుసు. ఇంతమంది ఇన్ని జవాబులు చెబుతుంటే, డిగ్రీ చదివిన కోడలు మాత్రం "ఏమో, నాకు తెల్వది" అంటుండేది. దాంతో చదువు మీద ఆ గల్లీకి మిగిలిన కాస్త గౌరవం కూడా పోయింది.

ఊర్మిల జగిత్యాలలో బీజెడ్‌సీ చదివింది. కప్పను కోసే క్లాసులో, "సార్, కోసే ముందే దీనికి రోగం ఉందేమో ఎలా తెలుస్తుంది?" అని అడిగి ఆ గంటంతా వరండాలో నిలబడింది. పెళ్ళయ్యాక ఆమెకు ప్రశ్నలు తగ్గాయని చెప్పలేం. అడగడానికి మనుషులు తగ్గారు, అంతే. భర్త మధుకర్ పదకొండేళ్ళుగా మస్కట్‌లో టైల్స్ మేస్త్రీ. ఇంట్లో మిగిలింది తనూ, అత్త వెంకటవ్వా. అత్త ముప్పై ఏళ్ళుగా బీడీలు చేస్తుంది. ప్రశ్నలు వేసే వాళ్ళ పక్కన కూచుంటే చేతిలో ఆకు చిరుగుతుందని ఆమె నమ్మకం.

కరోనా రెండో ఏడు అది. మధుకర్ ఫిబ్రవరిలో మూడు నెలల సెలవుకు వచ్చాడు. ఏప్రిల్‌లో విమానాలు ఆగిపోయాయి. సెప్టెంబరులో మళ్ళీ తెరుస్తారని, తెరిచిన పదిహేను రోజుల్లో రెండు డోసుల కాగితంతో దిగకపోతే ఇక రానక్కర్లేదని కంపెనీ కబురు పెట్టింది. రానక్కర్లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఎక్కడికో పోనవసరం లేదు. పోయినేడు గల్ఫ్ నుంచి చేతిసంచీతో దిగిన వాళ్ళు ఆ గల్లీలోనే నలుగురున్నారు. ఒకడు ఆటో తోలుతున్నాడు, ఒకడు మేకలు కాస్తున్నాడు, మిగతా ఇద్దరూ ఏం చేస్తున్నారని అడిగితే "చూస్తున్నం" అంటారు.

మధుకర్, వెంకటవ్వ జూన్ ఆఖరున ఒకే రోజు, ఒకే బల్ల మీద కూచుని మొదటి సూది వేయించుకున్నారు. పది రోజులు తిరక్కుండానే వెంకటవ్వ వీపు మీద, ఎదురు రొమ్ము మీద నీటి బొబ్బలు లేచాయి. ముట్టుకుంటే పగిలేవి. పగిలిన చోట ఎర్రటి పచ్చి పుండు.

"తల్లి పోసింది," అని తేల్చింది వెంకటవ్వ. అమ్మవారు పోసిన ఇంట్లో ఏం చేయాలో అందరికీ తెలిసిందే. గడపకు వేపమండలు, పక్క మీద వేపాకు, ఇంట్లో తాలింపు బంద్. నూనె చిటపటమంటే తల్లికి కోపం. దవాఖాన పేరు ఎత్తితే ఇంకా కోపం. పన్నెండు రోజులు ఆ ఇంట్లో ఉప్పు వేసిన పప్పు, మెత్తటి అన్నం. మధుకర్ ముద్ద ముద్దకూ నీళ్ళు తాగాడు. వెంకటవ్వ మాత్రం ఎన్నడూ లేనిది రెండోసారి వడ్డించుకుని తింది. ఊర్మిల అది చూసింది. చూసి, భక్తి అనుకుంది.

పదమూడో రోజున తల్లి దిగిపోలేదు సరికదా, చంకల్లోకి, నడుము మీదికి పాకింది. అప్పుడు మల్లన్న గడప దగ్గర నిలబడి, మూతికి కట్టిన తువ్వాల సర్దుకుంటూ చెప్పాడు.

"తల్లి లేదు గిల్లి లేదు మధుకరన్నా. సూది. సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిల మా మామ బుచ్చయ్యకు గుడ గిట్లనే అయింది. సూది ఏసుకున్న నెలకు కాళ్ళ నిండ బొబ్బలు."

మధుకర్ తల్లి వీపు వైపు చూశాడు. ఆ పూటే తేల్చి చెప్పాడు: "రెండో సూది నేను ఏసుకోను. మస్కట్ పోకుంటే పాయె."

ఊర్మిల చిక్కు ఊర్మిలది. పదకొండేళ్ళ కాపురంలో మొగుడు ఇన్ని నెలలు ఇంట్లో ఉండటం ఇదే మొదలు. పొద్దున్నే వంటింటి గట్టు మీద కూచుని, పల్లీలు నములుతూ, టైలు అతికే చోట జిడ్డు ఎందుకు పడుతుందో ఉపన్యాసం ఇచ్చే మనిషి ఒకడుండటం ఆమెకు నచ్చింది. సూదే కారణమని తేలితే అతను ఉండిపోతాడు. కాదని తేలితే పోతాడు. కాబట్టి తను ఏ జవాబు కోసం వెతుకుతుందో తనకే తెలియలేదు. తెలియకపోవడమే మంచిదనుకుని వెతకడం మొదలుపెట్టింది.

*

జగిత్యాలలో చర్మం డాక్టరు అమృత. చిన్న వయసే, కానీ తొందరపాటు లేదు. బొబ్బ పక్కన బాగున్న చర్మాన్ని బొటనవేలితో మెల్లగా పక్కకు నెట్టి చూసింది. ఉడికిన టమాట మీద తొక్క జరిగినట్టు చర్మం జరిగింది. ఊర్మిల చూపు తిప్పుకోలేదు. తర్వాత డాక్టరు టార్చి తీసింది.

"నోరు తెరువుండ్రి అవ్వా."

వెంకటవ్వ కరెంటు బిల్లు అడిగినట్టు ముఖం పెట్టి, సగం తెరిచింది. బుగ్గల లోపల, చిగుళ్ళ వెంట తోలు ఊడినట్టు తెల్లగా, ఎర్రగా ఉంది.

"నోట్ల ఎప్పటిసంది ఉన్నయి?"

"సూది ఏసినంకనే."

"అంతకు ముందు లేవా?"

"లేవు. సూది ఏసినంకనే." ఈసారి ఆ మాట గోడకు చెప్పింది.

డాక్టరు రాసుకుంది. మధుకర్ వైపు తిరిగి ఏం పని చేస్తారని అడిగింది. టైల్స్ పని అన్నాడు.

"అయితే మీకు తొందరగ సమజైతది. చర్మం పొరలను ఒకదానికి ఒకటి పట్టి ఉంచే సిమెంటు ఒకటి ఉంటది. ఈమె ఒళ్ళు ఆ సిమెంటునే శత్రువనుకొని దాని మీద పడ్డది. పట్టు పోయిన కాడ పై పొర లేస్తది, నడుమ నీళ్ళు చేరుతయి. పెంఫిగస్ అంటరు. ఇది అంటుకోదు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుత, పది దినాలల్ల రిపోర్టు అస్తది. గోలీలు మాత్రం ఇయ్యాల్నే మొదలుపెడుదాం."

"సూది వల్లనేనా మేడం?" అన్నాడు మధుకర్.

"తెల్వది."

కోరుట్ల నుంచి జగిత్యాల దాకా ఆ మాట అన్న రెండో మనిషి ఈమే. ఊర్మిలకు దూరపు చుట్టం కనిపించినంత సంతోషమైంది.

"సూది అయినంక ఇసొంటివి బయటపడ్డయని అక్కడక్కడ డాక్టర్లు రాస్తున్నరు," అంది అమృత. "కొన్నే. కోట్లమందికి సూదులు పడుతున్నయి. ఈ జబ్బేమో సూదులు లేనప్పుడు గుడ ఉన్నదే. రెండు ఒక్క నెలల పడ్డయంటే, ఒకదాంతోని ఒకటి అయిందా, ఊకె పక్కపక్కన పడ్డయా? ఒక్క మనిషిని చూసి గది చెప్పరాదు. మొట్టమొదటి పుండు ఏ తారీఖు లేచిందో ఖచ్చితంగ తెలిస్తే, కొంత చెప్పచ్చు."

బయటకు రాగానే మధుకర్ అన్నాడు: "చూసినవా? కాదు అనలె."

"అవును అని గుడ అనలె గద."

"కాదు అనలేదంటే ఉన్నట్టే."

"గట్లయితే నువ్వు మస్కట్ల ఇంకో పెండ్లి చేసుకోలేదని గుడ ఎవ్వలు చెప్పలె నాకు."

మధుకర్ ఆటో పిలిచాడు.

*

మల్లన్న మామ బుచ్చయ్యను చూసి రావాల్సిందేనని ఊర్మిల పట్టుబట్టింది. సిరిసిల్లలో లంగా గుడ్డ చవక అని ఒక సాకు చెప్పింది. మధుకర్ అది నమ్మలేదు, అయినా వెంట వచ్చాడు. తన మాట నిలబెట్టే సాక్షిని చూపించాలని అతనికీ ఉంది. రాబియా బీని అత్త దగ్గర కూచోబెట్టి ఇద్దరూ బస్సెక్కారు. రాబియా బీ పక్కింటి మనిషి. వెంకటవ్వతో కలిసి ముప్పై ఏళ్ళుగా ఒకే అరుగు మీద బీడీలు చేసింది. గల్లీ అంతా అంటుకుంటుందేమోనని దూరం జరిగినా ఆమె మాత్రం జరగలేదు.

వేములవాడలో బస్సు మారి సిరిసిల్లలో దిగేసరికి బతుకమ్మ చీరల ఆర్డరు మీద మరమగ్గాల సాంచలు ఊరంతా దడదడమంటున్నాయి. వాగు దాటితే తంగళ్ళపల్లి. బుచ్చయ్య అరవై ఆరేళ్ళ మనిషి. సాంచల ఖార్ఖానాలో నూలు కండెలు చుడతాడు. గడపలో కాళ్ళు చాపుకుని కూచుని ఉన్నాడు. మోకాళ్ళ కింద బొబ్బలు పెద్దవి, బిగుతుగా, నిమ్మకాయలంత ఉన్నాయి. అత్తవి ముట్టుకుంటే పగిలేవి. ఇవి వేలితో నొక్కినా పగిలేలా లేవు. రెండూ ఒకటే రకం కాదేమోనని ఊర్మిల మనసులో ఒక గీత గీసుకుంది.

బుచ్చయ్య భార్య బాలలక్ష్మి చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

"సూదితోనే అయినయా కాకా?" అడిగాడు మధుకర్.

"సూదితోనే బిడ్డా. మల్లడు చెప్పలేదా?"

"ఏ చెయ్యికి ఏసిండ్రు?" అంది ఊర్మిల.

బుచ్చయ్య కుడి భుజం పట్టుకున్నాడు. కాస్త ఆలోచించి ఎడమ భుజం పట్టుకున్నాడు.

"నొచ్చిందా కాకా?"

"ఏ, సిస్టరమ్మ మంచిది. తెల్వనే తెల్వలె."

"తెల్లారి జరం అచ్చిందా?"

"ఎవ్వలికి?"

ఊర్మిల చీర కొంగు సర్దుకుని ఆయన ముఖంలోకి ఓపిగ్గా చూస్తూ కూచుంది. కూరగాయల బండి వాడి దగ్గర ధర తగ్గే దాకా ఆమె చూసే చూపు అది. బుచ్చయ్య వాకిలి చూశాడు, వంటింటి వైపు చూశాడు, గొంతు తగ్గించాడు.

"మల్లనికి చెప్పకు బిడ్డా. నేను ఏసుకోలె."

"ఏందీ?" అన్నాడు మధుకర్.

"లైన్ల నిలవడ్డ. నా ముంగట నలుగురున్నరు. గా సూది పొడుగు చూసిన. బడి వెనక గోడ చిన్నగ ఉండె, దునికిన. సూది ఏసుకోనోన్ని సాంచల కాడికి రానియ్య అన్నడు సేటు. గందుకని భుజానికి ఇంత దూది పెట్టి పట్టీ అతికించుకొని పోయిన. కాగితం ఏది అన్నడు. ఫోన్ల అస్తదన్న. నాకు ఫోనే లేదాయె."

"మరి సూదితోని అయినయని చెప్తివి?"

"నేను చెప్పలె. బొబ్బలు లేవంగనే మంది చెప్పిండ్రు. కాదు అంటే, మరి సూది ఏడ ఏసుకున్నవురా అంటరు గద?"

బాలలక్ష్మి చాయ్ గ్లాసులతో గడపలోకి వచ్చింది. గ్లాసు మొగుడి ముందు పెడుతూ, అతిథుల వైపే చూస్తూ అంది: "నాకు తెల్వదనుకుంటున్నడు. గా దూది నా దీపాల ఒత్తుల డబ్బిలది. ఎంత తీసిండో గుడ ఎరుకే."

చాయ్ తాగినంతసేపూ ఎవరూ బుచ్చయ్య వైపు చూడలేదు. వచ్చేటప్పుడు ఊర్మిల ఒక కాగితం మీద డాక్టరు పేరు రాసిచ్చింది. "ఏం దాచకుండ చెప్పు కాకా. సూది ఏసుకోలేదని గుడ చెప్పాలె. లేకుంటే ఆమె తప్పు రాసుకుంటది," అంది. పోతానని బుచ్చయ్య, తీసుకుపోతానని బాలలక్ష్మి ఒకేసారి అన్నారు.

బస్సులో మధుకర్ నవ్వాడు. నెలరోజుల తర్వాత నవ్వడం అదే మొదలు. చందుర్తి దాటాక నవ్వు ఆగింది.

"గాయన ముచ్చట గాయనది. గాయన ఏసుకోకున్న అచ్చినయి, సరే. మా అవ్వ ఏసుకున్నది గద?"

ఊర్మిల తలూపింది. మాట సబబుగానే ఉంది. బుచ్చయ్య అబద్ధంతో బుచ్చయ్య సాక్ష్యం మాత్రమే కొట్టుకుపోయింది. అత్త సంగతి ఎక్కడిదక్కడే ఉంది.

*

గోలీలు వేసుకుంటున్న వారానికి వెంకటవ్వకు కొత్త బొబ్బలు తగ్గాయి కానీ నోరు మానలేదు. పనికి చేతులు రావు. చాట ఒళ్ళో పెట్టుకుని ఖాళీగా కూచునేది. ఒక మధ్యాహ్నం రాబియా బీ తన పాన్‌దాన్ తీసుకుని వచ్చి పక్కన కూచుంది. ఊర్మిల కొంచెం దూరంలో బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మధుకర్ తలుపుకు ఊడిన గడియ బిగిస్తున్నాడు.

రాబియా బీ ఆకుకు సున్నం రాసి, వక్క పెట్టి మడిచింది. నోట్లో పెట్టుకోబోయి ఆగింది.

"ఒక్కదాన్నే తినాల్నంటే మంచిగనిపిస్తలేదు వెంకటక్కా. రంజాన్ నెల తీరుగ ఉన్నది నాకు."

"రంజాన్ల ఏమైంది ఖాలా?" అంది ఊర్మిల బియ్యంలోంచి తలెత్తకుండా.

"నీకు చెప్పలేదా మీ అత్త? నేను రోజా ఉంటి గద, పొద్దంత పాన్ లేదు. నా ముంగట ఎట్ల తినాలె అని ఈమె గుడ బంద్ పెట్టింది. ఒక్క దినం కాదు బిడ్డా, నెల దినాలు. ముప్పై ఏండ్లల్ల ఎన్నడు చెయ్యలె, ఈ యేడు చేసింది. మా చెల్లె జబీన్ రాయికల్‌ల ఉంటది గద, ఆమెకు ఫోన్ చేసి చెప్పిన. ఆమెకు ఏడుపచ్చింది. గసొంటి దోస్తు నాకు ఒక్కతి లేదు ఆపా అన్నది."

ఊర్మిల వేళ్ళు చాటలో ఆగిపోయాయి. ఆ యేడు రంజాన్ ఏప్రిల్ నడుమ మొదలైంది. సూది పడింది జూన్ ఆఖరున.

"పండుగ అయినంక మల్ల తిన్నదా ఖాలా?"

"ఆఁ, ఎందుకు తినదు..." రాబియా బీ ఆగింది. పాన్ చేతిలోనే ఉంది. "తినలె. అలవాటు తప్పిందన్నది."

మధుకర్ గడియ వదిలేసి ఇటు తిరిగాడు. వెంకటవ్వ ఖాళీ చాటలో వేలితో గుండ్రంగా రాస్తోంది.

"అత్తా," అంది ఊర్మిల. గొంతులో ఎప్పుడూ ఉండే ఎకసెక్కం లేదు. "సున్నం మండిందా?"

వెంకటవ్వ చాటను ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది.

"మండింది," అంది. "గప్పటిసందే. దవడల లోపల."

"మరి చెప్పక పోతివి?" అన్నాడు మధుకర్.

"ఏమని చెప్పాలె? మా అవ్వ, మీ అమ్మమ్మ ఎట్ల పోయిందో నీకు ఎరుకలేదా? గామె గుడ తంబాకు చెయ్యే. దవడల పుండు. ఆర్నెల్లు గంజి తాగి పోయింది. బీడీలు చేసేటోళ్ళకు నోట్ల పుండు అంటే దానికి ఒక్కటే పేరుండె. నువ్వేమో విమానాలు బందై ఇంట్ల కూసున్నవు. నోట్ల పుండని నీకు చెప్తే, విమానాలు తెరిచినంక నువ్వు పోతవా? నన్ను పట్టుకొని హైదరబాదు తిరుగుతవు. నౌకరి పోతది, నేను గుడ పోత."

ఆమె ఊపిరి తీసుకుంది.

"సూది ఏసినంక ఒంటి మీద లేచినయి. తల్లి అనుకున్న. అయినంక మంది సూది అన్నరు. గా మాట ఇన్న దినం నాకు పానం నిమ్మళమైంది. నిద్ర పట్టింది. సూదైతే కేన్సర్ కాదు గద."

తాలింపు లేని పప్పు రెండోసారి వడ్డించుకోవడం భక్తి కాదని ఊర్మిలకు అప్పుడు తెలిసింది. బీజెడ్‌సీ చదివి, ఒకే ఇంట్లో ఉండి, మూడు నెలలు ఆ నోటిని చూడలేదు తను. అది ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది.

రాబియా బీ పాన్‌ను మెల్లగా పాన్‌దాన్‌లో పెట్టి మూత వేసింది.

"అయితే నా కోసం కాదన్నట్టు," అంది.

వెంకటవ్వ తలెత్తింది. "మొదటి దినం నీ కోసమే. రెండో దినం సంది నోటి కోసం."

రాబియా బీ ఆ లెక్కను కాసేపు తూచింది. "ఒక్క దినమన్న నాదే గద. చాలు. జబీన్‌కు మల్ల ఫోన్ చెయ్యను తీ."

*

రిపోర్టు వచ్చిందని ఫోన్ రాగానే ముగ్గురూ జగిత్యాల పోయారు. ఈసారి వెంకటవ్వ టార్చి కోసం తనే నోరు తెరిచింది.

"కేన్సర్ కాదు," అంది అమృత మొట్టమొదట. ఊర్మిల ముందే ఫోన్ చేసి సంగతి చెప్పి ఉంచింది. "పెంఫిగసే. గోలీలు శానా నెలలు ఏసుకోవాలె. మధ్యల మీ అంతట మీరు బంద్ చెయ్యొద్దు. లొంగుతది."

వెంకటవ్వ కొంగుతో కళ్ళు కాదు, మెడ తుడుచుకుంది. చెమట పట్టింది ఆమెకు.

"తారీఖు తెచ్చిన మేడం," అంది ఊర్మిల. "నోట్ల మొదలైంది ఏప్రిల్ నడుమ. రంజాన్ రెండో దినం. సూది జూన్ ఇరవై ఎనిమిది. ముందు మొదలైంది కాబట్టి సూది కాదన్నట్టే గద?"

"మొదలు పెట్టింది సూది కాదు. ఈ జబ్బు శానా మందికి నోట్లనే మొదలైతది, ఒంటి మీదికి నెలల తర్వాత అస్తది. సూది లేకున్న జులైల బయటపడేదేమో. కాని సూది దాన్ని ఇంత ఎగదోసిందా అని అడిగితే, కాదని నేను రాసియ్య. పెద్ద డాక్టర్లు గది ఇంక చూస్తున్నరు."

ఊర్మిల ముఖం చిన్నబోయింది. ఇంత తిరిగి తెచ్చిన తేదీ సగం తలుపే తెరిచింది. కానీ మధుకర్ ముందుకు వంగాడు.

"టైలు కింద సిమెంటు సరిగ పడకుంటే లోపల బోలు ఉంటది మేడం. పైకి కనవడది. కొట్టి చూస్తే డబ్బ సప్పుడు అస్తది. ఒక దినం ఎవ్వడో బరువు కాలు ఏస్తడు, టైలు లేస్తది. మాలిక్ గా కాలు పెట్టినోన్ని తిడ్తడు. మేస్త్రీకి ఎరుకే, బోలు ముందే ఉన్నదని. కాని కాలు పడకుంటే ఇంకెన్ని దినాలు ఆగునో మేస్త్రీకి గుడ ఎరుకలేదు."

అమృత పెన్ను ఆపి అతన్ని చూసింది. "నేను అర్ధగంట చెప్పేది గింతనే."

"మరి నాకు?" అన్నాడు. "నాకు రెండో కాలు పడితే? సూది లేకుంటే మస్కట్ రానియ్యరు."

"మీ నోట్ల పుండ్లు, ఒంటి మీద పొక్కులు ఇంతకు ముందు ఎన్నడన్న లేచినయా?"

"లేవు."

"సూది పడ్డంక ఈ నెలన్నరల?"

"లేవు."

"అయితే మీకు అచ్చే అవకాశం శానా తక్కువ. సున్నా అని చెప్పను. ఇటు దిక్కు గిది. అటు దిక్కు కరోనా ఉన్నది. అక్కడ మీ గదిల ఎంతమంది ఉంటరు?"

"పన్నెండు మందిమి." మధుకర్ చేతులు చూసుకున్నాడు. "పోయినేడు పదకొండు మందిమి మిగిలినం."

ఊర్మిల, వెంకటవ్వ ఇద్దరూ అతని వైపు తిరిగారు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. రోజూ వీడియో కాల్‌లో "అందరం మంచిగున్నం" అన్న మనిషే అతను. దవడ పుండు దాచిన తల్లికి పుట్టిన కొడుకు.

"పెద్దపల్లి దిక్కు పిలగాడు. నా పక్క మంచమే," అన్నాడు.

లేచేటప్పుడు వెంకటవ్వ అడిగింది: "మరి నా రెండో సూది?"

"గోలీల జోరు కొంచెం తగ్గినంక. వద్దని కాదు, ఇప్పుడే వద్దని."

మెట్లు దిగుతూ వెంకటవ్వ కొడుకు భుజం పట్టుకుంది. "నా ఒంటి బొబ్బలు చూసి నువ్వు ఆగకు. నా బోలు నాది," అంది.

గల్ఫ్ పోయే వాళ్ళకు మూడు నెలలు ఆగకుండానే రెండో సూది వేస్తున్నారు. మధుకర్ మర్నాడు పొద్దున పోయి వేయించుకుని వచ్చాడు. ఏ చెయ్యి అని ఊర్మిల అడిగింది. ఎడమ అన్నాడు. నొచ్చిందా అంది. నొచ్చిందన్నాడు. తెల్లారి జ్వరం కూడా వచ్చింది. సాక్ష్యం సరిపోయిందని ఆమె ఒప్పుకుంది.

ఆ తర్వాత పొద్దుపొద్దున్నే అతన్ని వాకిట్లో వెలుతురుకు నిలబెట్టి, చొక్కా ఎత్తించి, వీపు, చంకలు, రొమ్ము చూసేది. నోరు తెరిపించేది. పెళ్ళయిన కొత్తలో కూడా నన్నింతగా చూడలేదు అనేవాడు మధుకర్. అప్పుడు ఇంత అనుమానం లేదు అనేది ఆమె. తను ఊరూరా తిరిగి తెచ్చిన తేదీయే తన మనిషిని విమానం ఎక్కిస్తోందన్న సంగతి ఆమెకు తెలుసు. వీపు చూసే పనికి కాస్త ఎక్కువసేపు పట్టేది.

సెప్టెంబరు రెండో వారంలో అతను పోయాడు. పోయిన మూడో రోజు సాయంత్రం వీడియో కాల్ వచ్చింది. వెనక ఇనుప మంచాలు, ఆరేసిన బనీన్లు. వెంకటవ్వ, రాబియా బీ ఇద్దరూ ఫోన్‌కు చెరో పక్క తలలు పెట్టారు. తిన్నావా, పడుకున్నావా అయ్యాక ఊర్మిల అంది:

"అంగీ ఎత్తు."

"ఏందే, అందరున్నరు ఈడ."

"ఉండనీ. ఎత్తు."

ఎవరో నవ్వారు, ఎవరో ఫోన్ పట్టుకున్నారు. తెరనిండా మధుకర్ వీపు వచ్చింది. వెంకటవ్వ కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది.

"ఇంకింత కిందికి," అంది. "గా నల్లగున్నదేంది నడుము కాడ?"

"పుట్టుమచ్చ అవ్వా. నువ్వు కన్నదే."

"ఎప్పటిసంది ఉన్నది?" అంది ఊర్మిల.